రంగు పట్టని ఉన్ని

కొండవాలున మోకాలెత్తు పొదలకు పూసిన పసుపు పూలను గోనెడు కోసుకొచ్చి, వితోమిర్ పొరుగింటి స్తమెనా పొయ్యి దగ్గర దించాడు. ఆమె వాటిని రాగి కాగులో మరిగించి ఉన్ని ముంచింది.

"ఊఁ, అబద్ధం చెప్పు" అంది. రంగు కాగేటప్పుడు పక్కన ఎవరో ఒకరు పెద్ద అబద్ధమాడకపోతే ఉన్నికి రంగు పట్టదని మా సెర్బియా కొండల్లో నమ్మకం.

"మా మేక నిన్న పెళ్లిలో అకార్డియన్ వాయించింది."

"ఏటా అదే మేకా! పోయినేడు నోటిదాకా వచ్చి మింగేశావే, అది చెప్పవయ్యా."

వితోమిర్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "నిన్ను పెళ్లి చేసుకోవాలనుంది, స్తమెనా."

"అమ్మో, ఎంత పెద్ద అబద్ధమో!" అని పగలబడి నవ్వి, ఆమె ఉన్ని తీసి చన్నీళ్లలో జాడించింది. పసుపంతా కారిపోయి ఉన్ని తెల్లగా మిగిలింది.

"పట్టలేదు! అంటే నిజమే చెప్పావన్నమాట" అంది. "సరే, నాకూ ఇష్టమే. వెళ్లి ఫాదరుగారితో మాట్లాడి రా."

వితోమిర్ టోపీ అక్కడే వదిలేసి చర్చి వైపు పరిగెత్తాడు.

అతను మలుపు తిరిగాక స్తమెనా, రంగు పట్టడానికి వేసే పటిక ముక్కను ఏప్రన్ జేబులోంచి తీసింది. పొద్దుటి నుంచీ అది అక్కడే ఉంది. దాన్ని కాగులో వేసి, ఉన్ని మళ్లీ ముంచింది.