గోడ మీద దుమ్ము

గోడ మీద మళ్ళీ చెయ్యి చప్పుడైంది.

"అదిగో, మొదలుపెట్టాడు," అంది మెలోర్.

పక్క మంచం ముసలాయన చెయ్యి అది. బస్సులో కుప్పకూలిపోతే ఎవరో ఈ ఆస్పత్రిలో చేర్చి వెళ్ళారు. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. జేబులో కాగితం ముక్క లేదు, పేరు తెలియదు. కదిలేది ఎడమచెయ్యి ఒక్కటే. దానితో గోడను కొట్టేవాడు. కొట్టి ముఖం తుడుచుకునేవాడు. మళ్ళీ కొట్టి, చచ్చుబడిన చేతిని మెల్లగా నిమురుకునేవాడు.

కొట్టబోయే ముందు ప్రతిసారీ, కాలి పుండుతో ఇటు మంచంలో ఉన్న మెలోర్ భర్త జుసో వైపు చూసేవాడు.

"పొద్దున నీ గంజి పోశావుగా ఆయనకి," అన్నాడు జుసో. "పాపం, గోడతో మొరపెట్టుకుంటున్నాడు."

భర్త హాస్యమాడి చాలా రోజులైంది. మెలోర్ నవ్వబోయింది. అంతలో కిటికీలోంచి మధ్యాహ్నపు అజాన్ వినిపించింది. జుసో ముఖం అటు తిప్పుకున్నాడు.

"పడుకునైనా నమాజు చెయ్యొచ్చట, అబాంగ్," అంది మెలోర్. భర్తను ఆమె పిలిచే పిలుపు అది.

"ముందు కడుక్కోవాలి కదే? కాలికి నీళ్ళు తగలకూడదన్నారు. మంచానికి మూత్రం సంచి వేలాడుతోంది. చేపల కంపుతో వెళ్ళడానికే సిగ్గుపడి మసీదు ఎగ్గొట్టినవాణ్ణి. ఈ చీము కంపుతో దేవుడి ముందుకెళ్ళనా?"

గొంతు తగ్గించి అన్నాడు.

"ఒక్క నమాజు. శుభ్రంగా ఒక్కటి చేసుకుని పోతే చాలు, మెలోర్."

దారి ఉందని మెలోర్‌కు తెలుసు. నది అవతలి పల్లెలో మతగురువు తోక్ గురు చెప్పే శుక్రవారం పాఠాలను ఆమె చిన్నప్పటి నుంచీ విన్నది. ఆడవాళ్ళ వైపు తెర కట్టేవారు. ఆయన ముఖం ఆమె ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం ఎంతమందిలో ఉన్నా పోల్చుకోగలదు.

"నీళ్ళు ముట్టుకోలేనివాడికి శుద్ధి కోసం దేవుడు మట్టినిచ్చాడు. ఇలా చెయ్యాలి," అనేవారు తోక్ గురు.

తెర అవతల మగవాళ్ళు చూసేవారు. ఇవతల ఆడవాళ్ళు వినేవారు. ఆ 'ఇలా' ఎలాగో అడగడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

కొబ్బరిచిప్పలో తోటమట్టి తెచ్చింది మెలోర్. నర్సు రొకియా దాన్ని బయట పారబోసింది.

"పుండున్న మనిషి పక్కన మట్టా, అక్కా? ఇంకా నయం, మొక్క కూడా నాటలేదు!"

ఇక తోక్ గురే వచ్చి చూపించాలని, ఆ పాఠాలకు ఎన్నడూ వెళ్ళని తమ్ముడు మమత్‌ను నది అవతలికి పంపింది. వాడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"తోక్ గురు ఇంట్లో లేరక్కా. ఎవరో రోగి కబురుపెడితే పట్నం వచ్చారట. రోగి దగ్గరికి వెళ్తే రోజుల తరబడి అక్కడే ఉండిపోతారట."

"పట్నమంటే ఇదే కదరా! వెతుకు. కాళ్ళు పట్టుకునైనా తీసుకురా."

ఆనాటి నుంచి గుమ్మంలో ఏ అడుగు వినిపించినా జుసో తల ఎత్తేవాడు.

"ఆయనేనా?"

"వస్తారు, అబాంగ్."

గోడ మీద చెయ్యి చప్పుడు మాత్రం ఆగేది కాదు. ఎదుట రోడ్డు పనుల వల్ల లేచే దుమ్ము కిటికీలోంచి వచ్చి గోడకు పట్టేది. మెలోర్ పూటపూటా తడిగుడ్డతో రెండు మంచాల పక్కా తుడిచేది. శుభ్రమంటే కంటికి కనిపించే మురికి పోవడమేనని ఆమె నమ్మకం. తుడుస్తుంటే ముసలాయన గొంతులో ఏదో మూలిగేవాడు. తల అడ్డంగా ఆడించేవాడు.

"మీకోసమేనయ్యా తుడిచేది. దానికీ కోపమేనా?"

"నా వైపే చూస్తున్నాడే," అన్నాడు జుసో, ఆయాసపడుతూ. "ఏదో చెప్పాలనుకుంటున్నాడేమో."

"చెప్పడానికి ఆయనకు తెలివుంటే కదా! నువ్వు కళ్ళు మూసుకో."

ఆ రోజు జుసోకు జ్వరం పెరిగింది. చప్పుడూ పెరిగింది. ముసలాయన ఆగకుండా కొడుతున్నాడు. మెలోర్ నర్సును పిలిచింది.

"ఈయన చెయ్యి కట్టెయ్యమ్మా. మా ఆయనకు కన్ను మూతపడటం లేదు."

రొకియా తటపటాయించింది. మెలోర్ తన పాత తలగుడ్డ ఒకటి బుట్టలోంచి తీసి, తానే ఆ చేతిని మంచం కమ్మీకి కట్టింది. మెత్తగానే కట్టింది. ముసలాయన ఆమెను చూడలేదు. జుసోను చూశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

వార్డు నిశ్శబ్దమైంది.

సాయంత్రపు అజాన్ వేళకు జుసో పెదవులు కదిలాయి.

"వచ్చారా?"

"దారిలో ఉన్నారు, అబాంగ్."

"నేనింకా కడుక్కోలేదు..."

అజాన్ పూర్తయ్యేసరికి అతను లేడు.

దుప్పటి ముఖం మీదికి కప్పాక మమత్ వచ్చాడు. వెంట ఒక ముసలావిడ ఉంది.

"తోక్ గురు గారి ఇంటావిడక్కా. ఆయన ఆ రోగి ఇంటికి చేరనే లేదట. ఈవిడా వెతుకుతోంది..."

జుసో మంచం వైపు చూసి వాడు అటు పరుగెత్తాడు.

మెలోర్ లేచి కుర్చీ జరిపింది. ముసలావిడ కూర్చోలేదు. పక్క మంచం మీది ముఖాన్ని చూసి అక్కడే నిలబడిపోయి, కమ్మీకున్న తలగుడ్డ ముడిని చూసింది.

"ఎవరమ్మా కట్టింది?"

అంటూనే ఆవిడే ముడి విప్పింది.

విడిపడిన చెయ్యి, దుమ్ము కణం లేకుండా తుడిచిన గోడను ఒకసారి కొట్టి మెల్లగా ముఖం మీదికి వెళ్ళింది. చిన్నప్పటి నుంచీ తెర వెనక విన్న ఆ 'ఇలా'ను మెలోర్ మొదటిసారి చూసింది.