కిట్లీ అవ్వ ఫంక్షన్

“కిట్లీ అవ్వ ఏంది రోజా? ఫంక్షన్‌కు పెట్టే పేరేనా ఇది?”

భూషణ్ సార్ లాప్‌టాప్ మీద వేలు పెట్టి అడిగాడు. రోజా ఆర్నెల్ల ట్రయల్‌కు ఇదే ఆఖరి రోజు. ఆయన కోడ్ చూసి సరేనంటేనే ఉద్యోగం పక్కా. టెంఘర్ ఆఫీసులో ఫ్యాన్ కింద కూర్చుని చూడాల్సిన కోడ్‌ను, కళ్లారా చూస్తేగానీ నమ్మనంటూ మొట్టమొదటిసారి నాగావ్‌లోని ఈ కార్ఖానా దాకా వచ్చాడు మహానుభావుడు.

“మంచిగ పనిచేస్తది సార్,” అంది రోజా నసుగుతూ.

“చేస్తే చెయ్యనీ. పేరు చూస్తే పని తెల్వాలె. కింద కామెంట్ చదివితే ఎందుకు, ఎవరు, ఎప్పుడు, అన్నీ తెల్వాలె. రేపు నువ్వు లేకుంటే, ఇది చూసినోడు జుట్టు పీక్కోవాల్నా?”

అద్దాల క్యాబిన్‌లో ఎదురుగా కూర్చున్న కార్ఖానా యజమాని విఠల్ సేఠ్ ముసిముసిగా నవ్వాడు. కార్ఖానాలో నలభై ఎనిమిది సాంచాలు, బట్ట నేసే మరమగ్గాలు. పోగు తెగి ఏ సాంచ ఆగినా సేఠ్ ఫోన్‌లో అలారం మోగాలి. రోజా రాసిన ప్రోగ్రాం పని అదే. అయితే చాయ్ అమ్మే అవ్వ కిట్లీ పట్టుకొని గుమ్మంలోకి వచ్చిందంటే, గ్లాసుల్లో దూది నలుసులు పడకుండా పనివాళ్లు సాంచాలన్నీ ఆపేస్తారు. నలభై ఎనిమిది అలారాలు ఒకేసారి మోగితే సేఠ్ చెవులకు చిల్లులే! ఆ మోతను ఆపడానికే ప్రోగ్రాంలో ఈ ఫంక్షన్ రాశానని రోజా వివరించింది.

“గట్లనే రాయి మరి!” అన్నాడు భూషణ్.

రోజా గబగబా పేరు మార్చింది. ‘చాయ్‌కి ఆగితే అలారం మోగించకు’ అని. కింద కామెంట్‌లో ‘ఎందుకు’ అన్న గీత నింపింది. ‘ఎవరు’ దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

“అందరు కిట్లీ అవ్వ అనే అంటరు సార్. అసలు పేరు అడిగితే నవ్వి ఊకుంటది. కొడుకు నౌకరీ చేస్తడని మాత్రం చెప్తది.”

“కొడుకుండి, ముసలితల్లితోని చాయ్ అమ్మిస్తున్నడా? ఏం మనిషి వాడు! మా అమ్మతోని నేను నీళ్ల బిందె కూడ లేపనియ్య. సరే, ‘ఎప్పుడు’ దగ్గర నాలుగింటికి అని రాయి. గడియారం చూసి అలారం బంద్ చేస్తే అయిపాయె!”

“ఆమెకు గడియారం లేదు సార్. ఒకనాడు మూడున్నరకు వస్తది, ఒకనాడు నాలుగున్నరకు. అందుకే టైం పెట్టలే. తలుపు పక్కన నేసే హనుమాండ్లు కాక ఉన్నడు గద, ఆయన సాంచ ముందుగాల ఆగుతది. ఆ ఎనక వరసగ అన్నీ ఆగుతయి. ప్రోగ్రాం ఆ వరసనే పట్టుకుంటది.”

“చూద్దాం,” అంటూ భూషణ్, ప్రోగ్రాంను మధ్యలో ఆపి చూసే డీబగ్గర్‌లో ఆ ఫంక్షన్ మొదటి వాక్యం పక్కన ఎర్రచుక్క పెట్టాడు. “ఆమె వచ్చినప్పుడు ప్రోగ్రాం ఈడికొచ్చి ఆగాలె. ఆగితే పాస్. లేకుంటే ఇంకో ఆర్నెల్లు ట్రయల్.”

నాలుగయింది. నాలుగుంపావూ అయింది. అవ్వ జాడ లేదు. సాంచాలు మాత్రం టకటకా ఆడుతూనే ఉన్నాయి. సేఠ్ ఆవలించి కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. రోజా వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మనసులోనే మొక్కేసుకుంది.

“అరె, మాటల్ల పడి అమ్మకు రోజు చేసే ఫోన్ మరిచే పోయిన!” భూషణ్ ఫోన్ తీశాడు. “అమ్మా, గోలీ ఏసుకున్నవా? మోకాళ్లు మంచిగున్నయా? సరే, ఇగ వరాలా తలావ్ గట్టు దిక్కు వాకింగ్ పోయిరా. పైలం.”

సేఠ్‌ను బతిమాలి ఇంకో పది నిమిషాలు కూర్చోబెట్టారు. రోజాకు ఆ పది నిమిషాలూ పదేళ్లయ్యాయి.

అప్పుడు ఆగింది హనుమాండ్లు సాంచ. దాని పక్కది. ఆ పక్కది. చప్పుడు వరసవరసగా తగ్గి కార్ఖానా అంతా నిశ్శబ్దమైపోయింది. తెర మీద ఎర్రచుక్క దగ్గర ప్రోగ్రాం ఠక్కున ఆగింది. భూషణ్ ఒక్కో మెట్టూ నడిపించుకుంటూ చివరిదాకా వెళ్లాడు. సేఠ్ ఫోన్ కిక్కురుమనలేదు.

“పాస్!” అన్నాడు భూషణ్. రోజా ఎగిరి గంతేసింది. “నౌకరీ పక్కా. గని ‘ఎవరు’, ‘ఎప్పుడు’, ఆ రెండు గీతలు ఖాళీగ ఉంటే నేను ఒప్పుకోను. ఆమెనే పిలిచి అడుగు.”

అడగడానికి బయటకు వెళ్లే పని లేకపోయింది. సేఠ్‌కు చాయ్ ఇవ్వడానికి అవ్వే క్యాబిన్ తలుపు తీసింది. తీసి, అక్కడే నిలబడిపోయింది. కొంగు మొహం మీదకు లాక్కుంది. భూషణ్ కుర్చీలోంచి సగం లేచాడు. అవ్వ గ్లాసు నింపి, ఇంకో గ్లాసులోకి పోసి, మళ్లీ ఇందులోకి పోసి, బాగా చల్లార్చి భూషణ్ ముందు పెట్టింది. ఇన్నాళ్లలో ఎవరికీ అట్లా చల్లార్చి ఇవ్వడం రోజా చూడలేదు.

అతను చివరి చుక్కదాకా తాగాడు. కళ్లు తుడుచుకున్నాడు. లాప్‌టాప్ తన వైపు లాక్కొని ఆ రెండు గీతలూ తనే నింపాడు. రోజా వంగి చదివింది.

“ఎవరు: మా అమ్మ. ఎప్పుడు: నేను ఫోన్ చేసి వాకింగ్‌కు పొమ్మన్న పది నిమిషాలకు.”