పదిహేడో నంబరు పట్టీ

"మళ్ళీ లెక్కెట్టు బాబూ" అంది నూకాలమ్మ.

ఇది మూడోసారి. గుడ్లు లెక్కపెట్టే కొత్త యంత్రాన్ని బిగించడానికి వచ్చిన కౌశిక్ విసుక్కోలేదు. పదిహేడో నంబరు కాగితం పట్టీని మళ్ళీ కెమెరా కింద సర్దాడు.

అదేం మహాయంత్రం కాదు. సాక్చి బజార్లో కొన్న చవక వెబ్‌క్యామ్, ఒక టేబుల్ లైటు, పాత కంప్యూటరు. ఉద్యోగం మింగేసేవాటికి పెద్ద ఒళ్ళక్కర్లేదు. దోమల కేంద్రంలో నూకాలమ్మ పదకొండేళ్ళుగా భూతద్దంతో చేసిన పని అది చిటికెలో చేసేస్తోంది.

పనంటే ఇంతే. బస్తీల్లో వీధికో నీళ్ళ డబ్బా పెడతారు. అందులో ఒక పట్టీ. దానిమీద దోమ పెట్టిన గుడ్లు లెక్కపెట్టాలి. గుడ్లుంటే ఆ వీధికి దోమల మందు పొగ కొట్టే పొగబండి వెళ్తుంది. సున్నా అయితే వెళ్ళదు.

యంత్రాన్ని నమ్మొచ్చో లేదో తేల్చడానికి, కవర్లలో దాచిన వానాకాలం పట్టీలన్నీ దానికి చూపించారు. నూకాలమ్మ రిజిస్టరుతో అన్నీ కలిశాయి, ఒక్క పదిహేడు తప్ప. అక్కడ ఆమె సున్నా రాసింది.

తెరమీద ఎర్రచుక్కలు వెలిగాయి. మళ్ళీ అరవై మూడే.

"ఏటప్పా, కంప్యూటర్‌తో కుస్తీ ఏటి నీకు?" అటెండరు కూర్మారావు నవ్వాడు. "అది టీ అడగదు, సెలవడగదు. ఛోడ్ దో, వదిలీ!"

నూకాలమ్మ నవ్వలేదు. కూతురు రోహిణి పోయి రెండు నెలలు. ఇక మిగిలింది ఈ కుర్చీ, ఈ భూతద్దం. అవీ లాక్కుంటే మనిషి ఏం పట్టుకుని బతకాలి? పైవాళ్ళకి అవన్నీ ఎందుకు?

"మురికి మచ్చల్ని గుడ్లనుకుంతంది బాబూ. మిషనుదే తప్పని రాసీ."

కౌశిక్‌కి జాలేసింది. "ఒక్క పట్టీయే కదండీ నూకాలమ్మగారూ! పెద్దసారుతో నేను మాట్లాడతాను. మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు."

"ఉజ్జోగం గంగలో కలవనీ! అది తప్పని చెప్పు బాబూ. నీ కాళ్ళట్టుకుంటాను."

నిజంగానే వంగింది. కౌశిక్ కంగారుగా లేపి, భూతద్దం ఆమె చేతికిచ్చాడు.

"పోనీ, మీరే చూడండి."

ఆమె లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నల్లగా, నువ్వుగింజలో సగం కూడా లేవు. అరవై మూడు దగ్గర ఆమె పెదవులు ఆగిపోయాయి.

బిర్సానగర్ బస్తీలో ఆ పదిహేడో డబ్బా పెట్టింది ఆమె వాకిట్లోనే. రోజూ తను కడిగే చోట దోమేమిటని ఆవేళ పట్టీని భూతద్దం కింద పెట్టకుండానే సున్నా రాసేసింది, ఆ వీధికి పొగబండి రాలేదు, పన్నెండో రోజున రోహిణి డెంగీతో పోయింది.