గేటు దగ్గర సాక్షి

"నీళ్లు... ఎవరైనా నీళ్లు తెండి!"

రాజమహేంద్రవరంలో సైనిక సంక్షేమ కార్యాలయం మెట్ల కింద ఓ ముసలాయన వెల్లకిలా పడి ఉన్నాడు.

తల కింద రక్తం మడుగు కడుతోంది.

రామలక్ష్మి కొంగుతో ఆ గాయాన్ని అదిమి పట్టింది.

"వన్ నాట్ ఎయిట్‌కి ఫోన్ చేశారా?" ఎవరో అరిచారు.

"వస్తోందండి!"

తమ్ముడు మణిశంకర్ ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"అక్కా, ఎవరడిగినా జారిపడ్డాడని చెప్పు."

"నువ్వు తోశావురా!"

"మెల్లిగా! 'సాక్షి చెప్తానమ్మా' అంటూ గేటు దగ్గర్నుంచీ నీ వెంటపడ్డాడా లేదా? బ్రోకరే. మొన్నొకడు ఇలాగే దొంగ సాక్షిని తెస్తానని డబ్బు తీసుకుని ముంచి పోయాడు. ఈసారీ ఊరుకోవాలా?"

"పెద్దాయన్రా..."

"ఇంత దెబ్బ తగుల్తుందని నాకేం తెలుసక్కా!"

అంబులెన్స్ వచ్చింది. ముసలాయన్ను ఎక్కించుకుని వెళ్లిపోయింది.

"రామలక్ష్మి గారూ, సార్ పిలుస్తున్నారండి," అటెండరు కేకేశాడు.

ఆమె కుళాయి కింద చేతులు కడుక్కుంది. ఎరుపు ఒక పట్టాన వదల్లేదు.

ఆమె భర్త హవల్దార్ సత్యప్రసాద్. సెలవు ముగించుకుని డ్యూటీకి బయల్దేరి, ఇక్కడి స్టేషన్ చివర రైలు కింద పడి చనిపోయాడు.

డ్యూటీకి వెళ్తూ పోతే డ్యూటీలో పోయినట్టే లెక్క. తాగి పోతే కాదు.

'తాగి పట్టాల మీద పడ్డాడు' అని రాసేశారు పోలీసులు.

ఆ ఒక్క మాటతో రావాల్సిన ప్రత్యేక పెన్షన్ ఆగిపోయింది. అది కూడా ఓర్చుకుంది రామలక్ష్మి. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టి బతుకుతోంది.

కూతురు హారతిని బళ్లో 'తాగుబోతు కూతురు' అంటుంటేనే ఓర్చుకోలేకపోతోంది.

అప్పట్నుంచీ ఆ ఇద్దరికీ అండ మణిశంకరే. ఈ ఆఫీసుకు ఆమెను తిప్పుతున్నదీ అతనే.

సంక్షేమాధికారి సూర్యప్రకాశం మాజీ సైనికుడు. ఎప్పుడూ గంభీరంగా ఉండే మనిషి, ఆవేళ నవ్వుతున్నాడు. లోపలి గదిలో ఫోన్ మాట్లాడుతూ ఉన్నందున మెట్ల దగ్గరి గొడవ ఆయన చెవిన పడలేదు.

"కూర్చోండమ్మా. మీ ఆయన తాగలేదు."

"మొదట్నుంచీ అదే కదండీ మొత్తుకుంటున్నాను!"

"చూసినవాడు దొరికాడమ్మా. ఆ రోజు తాగింది అతను. చద్దామని పట్టాల మీద పడుకున్నాడట. మీ ఆయన పరిగెత్తుకెళ్లి అతన్ని అవతలికి లాగేశారు. తను తప్పుకోలేకపోయారు."

రామలక్ష్మి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఇన్నాళ్లూ లోపల గడ్డకట్టిన ఏడుపు ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఇంతకాలం ఏమైపోయాడండీ అతను?"

"భయం. సిగ్గు. ఇప్పుడు మందు మానేసి మనిషయ్యాడు. నిన్న కోరుకొండ నుంచి వచ్చి, ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చాడు. వాంగ్మూలం ఇవ్వవయ్యా అంటే, 'ముందు ఆ తల్లి కాళ్ల మీద పడి చెప్పుకోవాలండి, ఆ తర్వాతే సంతకం' అన్నాడు."

సూర్యప్రకాశం కిటికీలోంచి బయటకు చూశాడు.

"ఏసురాజని పెద్దాయన. మీ కోసం పొద్దుట్నుంచీ గేటు దగ్గరే కాచుకున్నాడే... కలవలేదా?"

రామలక్ష్మి ఏడుపు ఆగిపోయింది.

గుమ్మం దగ్గరున్న మణిశంకర్ గోడకు జారగిలబడ్డాడు.

అతన్ని దాటుకుని ఓ కానిస్టేబుల్ లోపలికొచ్చాడు.

"సార్, ఇక్కణ్నుంచి తీసుకెళ్లిన పెద్దాయన ఆసుపత్రికి చేరకుండానే పోయాడండి. ఎవరో తోశారంటున్నారు." రామలక్ష్మి వైపు తిరిగాడు. "ఆయన పక్కనున్నది మీరేనటగా అమ్మా. ఏం జరిగిందో చూశారా?"

కానిస్టేబుల్ వెనక నిలబడి, మణిశంకర్ అక్కకు చేతులు జోడించాడు. చెప్పొద్దన్నట్టు తల ఊపాడు.

ఆమె తమ్ముణ్ని చూసింది.

"చూశానండి," అంది.

కానిస్టేబుల్ వైపు తిరిగింది.

"మా ఆయన ప్రాణమిచ్చి బతికించిన మనిషండీ ఆయన... చంపింది మా తమ్ముడు మణిశంకర్."