ఊళ్ళో కూడా హెల్మెట్

కిరాయికి మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళందరూ ఊళ్ళోకి రాగానే హెల్మెట్ తీసి అద్దానికి తగిలిస్తారు. ఇక్కడ పోలీసులుండరు, పైగా మొహం కనపడనివాడి బండి ఎవరూ ఎక్కరు. వాళ్ళలో ఆమె భర్త మాత్రం ఈ మధ్య వీధి చివరికి వెళ్ళాలన్నా హెల్మెట్ పెట్టి, పట్టీ బిగిస్తున్నాడు.

ఆ ఉదయం ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఎవరికి కనపడకుండా తిరుగుతున్నావ్?"

"పొద్దున్నే మొదలెట్టావా!"

"మొహం దాచుకునే పని ఏం చేశావో చెప్పి కదులు. మీ ఆయన నెత్తిన ఆ కుండతోనే పడుకుంటాడా అని వీధంతా నవ్వుతోంది."

అతను నవ్వలేదు. మంచం అంచున కూర్చున్నాడు.

"నువ్వు ఇంట్లో లేనప్పుడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. బండి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ముట్టుకోకపోతే తినేదేమిటి? ఎక్కడ పడతానో తెలీదు, తలైనా మిగుల్తుందని పెట్టుకుంటున్నా."

ఇన్నాళ్ళూ తను ఊహించినట్టు వేరే ఆడమనిషి ఎవరూ లేరు. ఆమెకు ఊపిరి ఆడింది. అంతలోనే మళ్ళీ ఆగింది.

"మరి నీ వెనక కూర్చున్నవాళ్ళకి?"



వాకిట్లోంచి పిలుపు వినిపించింది. చంటిబిడ్డను ఎత్తుకుని ఒక తల్లి నిలబడి ఉంది.

"అన్నా, ఆసుపత్రికి పోవాలి. స్టాండులో అందరూ రమ్మన్నారు, నేనే ఎక్కలేదు. ఊళ్ళో కూడా హెల్మెట్ పెట్టుకుని జాగ్రత్తగా నడిపేది నువ్వొక్కడివేగా!"

అతను లేవబోయాడు. ఆమె అతని కంటే ముందే వాకిట్లోకి వెళ్ళింది.

"బండి పాడైంది తల్లీ," అంది. "ఇంక నడవదు."