స్తంభంలో గొంతు

కార్లన్నీ చప్పుడు మానేసి వాటంతటవే తిరగడం మొదలెట్టాక, కాకినాడలో ప్రతి కూడలికీ ఒక మాట్లాడే స్తంభం వచ్చింది. ఆ స్తంభాలకు గొంతులు కుదిర్చే ఉద్యోగం హైమవతిది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు.

మొదట పెట్టిన గొంతు ఎంతో మర్యాదగా "దయచేసి ఆగండి" అనేది. ఒక్కరూ ఆగేవారు కాదు. పక్కవాళ్ళ అడుగుల చప్పుడు నమ్మి తనూ కదిలిన హైమవతి రెండుసార్లు కారు కింద పడబోయింది.

ఇలా లాభం లేదనుకుని, ఓరోజు వంటింట్లో అత్తగారు సుభద్రమ్మ పిల్లిని కసురుతుంటే గుట్టుగా రికార్డు చేసి, ఆ గొంతునే స్తంభాలకు ఎక్కించింది.

"ఆగక్కడ! ఎక్కడికా పరుగు? కళ్ళు నెత్తికెక్కాయా?"

ఊరు ఊరంతా రోడ్డు మీది తెల్లగీత దగ్గరే బిగుసుకుపోయింది, పోలీసులతో సహా.

మోకాళ్ళ నొప్పులతో నెలల తరబడి గడప దాటని సుభద్రమ్మ, ఓ ఆదివారం కోడలితో కూరగాయలకు బయల్దేరింది. ఎర్రదీపం వెలుగుతుండగానే రోడ్డు మీద కాలు పెట్టింది. స్తంభం గయ్యిమంది. ఆవిడ మోకాళ్ళ సంగతి మరిచిపోయి వెనక్కి గెంతింది. ఓ కారు ఆవిడ కుచ్చిళ్ళను రాసుకుంటూ పోయింది.

కారు పోయాక హైమవతికి అసలు భయం పట్టుకుంది. అత్తగారు గొంతు గుర్తుపట్టేసిందేమో!

సుభద్రమ్మ రొప్పుతూ స్తంభాన్ని ఎగాదిగా చూసింది.

"ఛీఛీ, ఏం నోరే తల్లీ ఇది! దీని కోడలెవరో గానీ, ఎలా వేగుతోందో పాపం!"

హైమవతి అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అలవాటైపోయుంటుందిలెండి, అత్తయ్యగారూ."