ఇరవై నాలుగు రింగులు

రెండు స్టీలు గిన్నెల్లో ఆ పూట మాత్రలు సర్దుతున్నాడు భర్త. ఒకటి తనది, ఒకటి భార్యది. ఆ ఇంట్లో మందుబిళ్ళ ఎవరిదైనా ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు స్టోర్ కీపరుగా చేసిన మనిషి.

“డాక్టరుగారిచ్చిన గొట్టం మాత్ర ఇదేనాండీ?” అంది భార్య, తన గిన్నెలోకి చూసి.

“నా చేతిలో ఇంతవరకూ ఒక్క మేకు తారుమారు కాలేదు. మాట్లాడకుండా మింగు.”

మింగింది. ఆయన కూడా రోజూ వేసుకునే బలం గొట్టం గుటుక్కున మింగాడు.

డాక్టరిచ్చిన గొట్టంలో గోధుమగింజంత రింగులు ఇరవై నాలుగుంటాయి. ఐదు రోజులు విరేచనాల మందు ముట్టకూడదు. ఐదోరోజు ఎక్స్‌రేలో రింగులు మిగిలుంటే పేగులు నిజంగానే మందగించినట్టు. అప్పుడు పెద్దాసుపత్రికి రాసిస్తానన్నాడు డాక్టరు. ఏడేళ్ళుగా ఆమె మలబద్ధకం బాధను రోగమని ఒప్పుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

“మిగిలితే నేనే తీసుకెళ్తా. లేకపోతే ఈ ఇంట్లో మళ్ళీ కడుపు మాట ఎత్తకూడదు,” అన్నాడు భర్త.

“అలాగే.”

మూడోరోజుకి ఆమె పొట్ట రాయిలా బిగిసింది. కంచం ముందు కూర్చుని, ముద్ద దిగక లేచిపోయింది.

“ఒళ్ళు వంచకపోతే పేగులకీ బద్ధకమే. నన్ను చూడు. గడియారం,” అంటూ ఆయన పేపరు పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళాడు.

ముప్పావుగంటకి బయటికొచ్చాడు.

“ఇవాళ బోలెడు వార్తలు,” అన్నాడు.

ఐదోరోజు డాక్టరు ఆమె ఫిల్మును లైటు పలకకి తగిలించాడు.

“రింగులుంటే ఇదిగో, ఇక్కడ తెల్లగా కనబడాలమ్మా. ఒక్కటీ లేదు. మీ పేగులు భేషుగ్గా ఉన్నాయి.”

“మరి ఈ నొప్పి...”

“ఆ నొప్పి ఫిల్ములో పడదు లెండి. ఆవిడ బుర్రలో ఉంటుంది,” అన్నాడు భర్త. డాక్టరు నవ్వాడు.

ఇంటికి రాగానే చెల్లెలికి ఫోన్ చేశాడు. “ఒక్క రింగూ లేదట. మీ వదిన ఏడేళ్ళ నాటకానికి ఇవాళ తెర పడింది.”

వంటింట్లో గ్యాస్ అయిపోయింది. భార్య కొత్త బండను కదపలేక ఆగిపోయింది.

“తప్పుకో. ఆరోగ్యమంటే ఇదీ,” అని ఆయన ఒక్క ఊపున ఎత్తాడు. నడుం పట్టేసింది.

మర్నాడు నడుముకి ఎక్స్‌రే తీయించుకొచ్చి, కవరు విప్పకుండానే బల్ల మీద పడేశాడు. సాయంత్రం డాక్టరుకి చూపించాలి. భార్య ఫిల్ము బయటికి తీసి కిటికీ వెలుగుకి పట్టింది.

“నీకేం తెలుసని చూస్తున్నావు?”

ఆమె చాలాసేపు చూసింది.

“ఏమండీ, ఒకసారి ఇలా రండి.”

నడుం పట్టుకుని వచ్చాడు. ఆమె వేలు పెట్టిన చోట చూశాడు. ఆమె ముఖంలోకి మాత్రం చూడలేదు. చెప్పులు వేసుకుని ఇంట్లోంచి వెళ్ళిపోయాడు.

ఆయన పొట్టలో ఇరవై నాలుగు రింగులూ ఉన్నాయి.